పాత హోమ్ కంప్యూటర్ల పవర్ సప్లై మార్పిడి: కడప జిల్లా కరెంటు లైన్ల నేపథ్యం

నిర్వచనం, పరిధి

గోడ సాకెట్‌లోని 230 వోల్టుల ఏసీ కరెంటును కంప్యూటర్ చిప్‌లకు కావలసిన 5, 12 వోల్టుల డీసీగా మార్చే భాగం పవర్ సప్లై. 1970ల చివరి నుంచి 1990ల తొలినాళ్ల దాకా ఇళ్లలో, బడుల్లో వాడిన కంప్యూటర్లలో ఈ భాగాన్ని బాగుచేయడం, కొత్తదానితో మార్చడం, లేదా మెరుగైన రక్షణ ఉన్న యూనిట్ అమర్చడం ఈ వ్యాసంలోని విషయం. సింక్లెయిర్ స్పెక్ట్రమ్, కమోడోర్ 64, బీబీసీ మైక్రో, యాపిల్ 2, అమీగా 500 వంటి యంత్రాలు, మన దగ్గర 1990లలో కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో కనిపించిన ఎక్స్‌టీ, ఏటీ తరహా పీసీలు దీని పరిధిలోకి వస్తాయి.

చేసే పని మూడు స్థాయిల్లో ఉంటుంది. పాత యూనిట్‌లో ఎండిపోయిన కెపాసిటర్లను మాత్రమే మార్చి తిరిగి వాడడం మొదటిది. పైడబ్బా అలాగే ఉంచి లోపల కొత్త బోర్డు పెట్టడం రెండోది. మొత్తాన్ని పక్కనపెట్టి కొత్త అడాప్టర్‌కు పాత ప్లగ్గు తగిలించడం మూడోది. ఏది ఎంచుకోవాలన్నది యంత్రాన్నిబట్టి ఉంటుంది. ఆ యంత్రం నడిచే ఊరి లైను కూడా ఈ ఎంపికను శాసిస్తుందన్న సంగతి విదేశీ పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల్లో అది మొదట చూడవలసిన అంశం.

చరిత్ర

*చూడండి: లీనియర్ పవర్ సప్లై, ఎస్‌ఎంపీఎస్*

1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800లో బరువైన ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, పెద్ద కెపాసిటర్ కలిసి సుమారు 8 వోల్టుల క్రమబద్ధం కాని డీసీని ఇచ్చేవి. ప్రతి కార్డు మీద ఉన్న రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకు దించేది. 1977లో యాపిల్ 2 కోసం రాడ్ హోల్ట్ స్విచింగ్ పద్ధతి సరఫరాను రూపొందించాడు. దీనివల్ల బరువు తగ్గింది, వేడి తగ్గింది, ఫ్యాన్ అవసరం లేకుండా పోయింది. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. ఇళ్లకు చేరే చిన్న కంప్యూటర్‌లోకి తేవడమే ఆయన చేసిన మార్పు.

తర్వాతి అయిదారేళ్లలో కంపెనీలు రెండు దారులు పట్టాయి. ధర తగ్గించాలనుకున్నవి ట్రాన్స్‌ఫార్మర్‌ను బయటి డబ్బాలో పెట్టాయి: 1982లో వచ్చిన స్పెక్ట్రమ్, కమోడోర్ 64 ఈ కోవలోవి. 1981 చివర్లో వచ్చిన బీబీసీ మైక్రో, అదే ఏడాది వచ్చిన ఐబీఎం పీసీ సరఫరాను లోపలే ఉంచుకున్నాయి. ఐబీఎం పీసీలోని యూనిట్ సామర్థ్యం 63.5 వాట్లు, 1983 నాటి ఎక్స్‌టీలో అది 130 వాట్లకు, 1984 నాటి ఏటీలో 192 వాట్లకు పెరిగింది.

భారతదేశంలో, తెలుగునాట

*చూడండి: క్లాస్ పథకం, ఈసీఐఎల్*

హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. అది ప్రయోగశాలలకు ఉద్దేశించిన యంత్రం. పిల్లల చేతికి కంప్యూటర్ అందినది 1984-85లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యా శాఖ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి మొదలుపెట్టిన క్లాస్ పథకంతో. ప్రయోగాత్మకంగా దేశవ్యాప్తంగా సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రోలు వెళ్లాయి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ వీటినే లైసెన్సు మీద యూనికార్న్ పేరుతో తయారుచేసింది. స్పెక్ట్రమ్ ప్లస్‌ను డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1980ల మధ్యలో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్‌గా మన మార్కెట్లోకి తెచ్చింది.

ఇవిగాక అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాల నుంచి బంధువులు తెచ్చిన యంత్రాలు ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చినవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారైనవి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన సాకెట్లో పెట్టగానే పాడైనవాటికి లెక్కలేదు. ఈ రోజు అటక మీద నుంచి దిగే కమోడోర్ డబ్బా మీద మొదట చదవవలసింది వోల్టేజి రాసి ఉన్న లేబులే.

ఆ కాలపు కార్యాలయాల్లో, శిక్షణ కేంద్రాల్లో కంప్యూటర్ పక్కన సీవీటీ అనే కాన్‌స్టంట్ వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. ఇళ్లలో ఫ్రిజ్‌కూ కలర్ టీవీకీ పెట్టే స్టెబిలైజరే కంప్యూటర్‌కూ దిక్కు. పాత యంత్రం ఇన్నేళ్లు నిలబడిందంటే చాలాసార్లు ఆ పెట్టె చలవే.

పనితీరు

లీనియర్ పవర్ సప్లైలో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని దించుతుంది, నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఏసీని డీసీ చేస్తుంది, కెపాసిటర్ ఎగుడుదిగుడులను సర్దుతుంది, చివరగా 7805 వంటి మూడు కాళ్ల రెగ్యులేటర్ 5 వోల్టుల దగ్గర నిలుపుతుంది. రెగ్యులేటర్ మిగిలిన వోల్టేజిని వేడిగా వదిలేస్తుంది. 9 వోల్టులు లోపలికి వచ్చి 0.8 ఆంపియర్ కరెంటు పోతుంటే వేడి (9−5)×0.8, అంటే 3.2 వాట్లు. అది పనిచేయాలంటే లోపలికి కనీసం 7 వోల్టులు రావాలి.

ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే స్విచింగ్ పద్ధతి సరఫరాలో, లైను కరెంటు ముందే డీసీ అవుతుంది: 230 వోల్టుల ఏసీ నుంచి సుమారు 325 వోల్టుల డీసీ. ట్రాన్సిస్టర్ దాన్ని సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. తక్కువ బరువు, తక్కువ వేడి, వోల్టేజి హెచ్చుతగ్గులకు ఓర్పు దీని లాభాలు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన చార్జి మిగిలి ఉండడం దీని ప్రమాదం.

పాతబడే తీరు

*చూడండి: ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్; ఎక్స్ తరగతి కెపాసిటర్*

మెకానిక్కులు కండెన్సర్ అని పిలిచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అన్నిటికన్నా ముందు పోతుంది. లోపలి ద్రవం ఎండేకొద్దీ దాని అంతర్గత నిరోధం పెరిగి, టీవీ తెర మీద అడ్డంగా పాకే మసక చారలు, స్పీకర్లో గుయ్యిమనే హమ్, కారణం లేకుండా రీసెట్ కావడం మొదలవుతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దీని ఆయుష్షు సగమవుతుందన్నది తయారీదారులు పాటించే స్థూల సూత్రం. మే నెలలో 43, 44 డిగ్రీలు తాకే కడప జిల్లాలో, రేకుల కప్పు కింద అటక మీద దాచిన యూనిట్‌కు ఈ సూత్రం మరింత కఠినంగా వర్తిస్తుంది. 85 డిగ్రీల రకం స్థానంలో 105 డిగ్రీల రకం వేయడం అందుకే ఆనవాయితీ.

బీబీసీ మైక్రో, యాపిల్ 2 యూనిట్లలో లైను శబ్దాన్ని వడకట్టడానికి రిఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. వాటి పారదర్శకమైన పసుపు పూత కాలక్రమంలో బీటలు వారి తేమను పీలుస్తుంది. ఏళ్ల తర్వాత స్విచ్ వేసిన కొన్ని నిమిషాలకు ఫట్‌మని పేలి గదినిండా ఘాటైన పొగ కమ్ముతుంది. యంత్రం చాలావరకు బతికే ఉంటుంది కానీ భయపెడుతుంది. 275 వోల్టుల ఎక్స్2 తరగతి పాలిప్రొపిలీన్ కెపాసిటర్ దీనికి సరైన మార్పు. మామూలు కెపాసిటర్‌ను ఆ చోట ఎప్పుడూ వేయకూడదు.

వీటికి తోడు దుమ్ము, చీమలు, బల్లులు. వెంటిలేషన్ కన్నాల్లోంచి దూరి లైను వైపు భాగాల మధ్య కాలి చచ్చిన బల్లి ఎస్‌ఎంపీఎస్ మూత తీసిన మెకానిక్‌కు అరుదైన దృశ్యం కాదు.

యంత్రాలవారీగా

*కమోడోర్ 64.* మార్పిడి అత్యవసరమైన యంత్రం ఇదే. దీని బయటి డబ్బా 5 వోల్టుల డీసీనీ 9 వోల్టుల ఏసీనీ ఒకే ఏడు పిన్నుల డిన్ ప్లగ్గు ద్వారా ఇస్తుంది. డబ్బా లోపలంతా ఎపాక్సీ పోసి గట్టిపరిచారు. వేడి బయటికి పోదు, విప్పి బాగుచేయడమూ కుదరదు. లోపలి రెగ్యులేటర్ చెడినప్పుడు 5 వోల్టుల గీత, అంటే ఆ సరఫరా, పడిపోవడానికి బదులు పైకి ఎగబాకుతుంది. చిప్‌లు మామూలుగా పనిచేసే పరిధి 4.75 నుంచి 5.25 వోల్టులు, 7 దాటితే 4164 మెమరీ చిప్‌లు దెబ్బతింటాయి. చవకైన డబ్బా చెడి, దొరకని చిప్‌లను తీసుకుపోతుందన్నమాట.

9 వోల్టుల ఏసీని డీసీతో మార్చడం కుదరదు. శబ్దాల చిప్‌కు, తెర చిప్‌కు కావలసిన 12 వోల్టులు, క్యాసెట్ మోటారు సరఫరా దాని నుంచే పుడతాయి. లోపలి గడియారం సెకన్లను లెక్కపెట్టేదీ ఆ ఏసీ 50 హెర్ట్జ్ లయతోనే. అందువల్ల కొత్త యూనిట్‌లో 5 వోల్టులకు చిన్న ఎస్‌ఎంపీఎస్, 9 వోల్టులకు ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ విడివిడిగా ఉంటాయి. మన దుకాణాల్లో సులభంగా దొరికేది 9-0-9 ట్రాన్స్‌ఫార్మర్. మధ్య తీగ, ఒక చివరి తీగ తీసుకుంటే 9 వోల్టులు వస్తాయి. రెండు చివరలూ తీసుకుంటే 18. ఈ ఒక్క తికమకకే కంప్యూటర్ పోతుంది కాబట్టి, డిన్ ప్లగ్గుకు టంకం పెట్టేముందే మీటరుతో తీగలు గుర్తించి, వాడని చివరను గొట్టంతో మూసేయాలి.

*స్పెక్ట్రమ్.* బయటి అడాప్టర్ 9 వోల్టులు, 1.4 ఆంపియర్లు, క్రమబద్ధం కానిది. ప్లగ్గు నడుమ పిన్ను నెగెటివ్. బయటి వలయం పాజిటివ్. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ దీనికి తలకిందులు. లోపల 7805 ఒక అల్యూమినియం పలక మీద బిగించి ఉంటుంది. దీనితో పాటు చిన్న ట్రాన్సిస్టర్, కాయిల్ కలిసి 4116 మెమరీ చిప్‌లకు కావలసిన 12, −5 వోల్టులను తయారుచేస్తాయి. ఈ చిన్న వలయం చెడితే −5 వోల్టులు పోతాయి, దాని వెంట మెమరీ చిప్‌లూ పోతాయి. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా వెనక విస్తరణ మాడ్యూల్ కదిలినా ఇదే జరుగుతుంది. 7805 స్థానంలో అవే మూడు కాళ్లతో దొరికే స్విచింగ్ రెగ్యులేటర్ పెట్టడం ఇప్పుడు మామూలు. దాని సామర్థ్యం 90 శాతం పైబడి ఉండడంవల్ల పలక వేడెక్కదు.

మన ఊళ్లలో ఎలిమినేటర్ అని అమ్మే, 3 నుంచి 12 వోల్టుల వరకు నాబ్ తిప్పుకునే అడాప్టర్‌తో దీన్ని నడపబోవడం తరచు జరిగే పొరపాటు. వాటిలో చాలావాటి మీద రాసి ఉండేది 500 మిల్లీ ఆంపియర్లే. నాబ్ జారి 12 మీదికి పోవచ్చు, పక్కనున్న పొలారిటీ స్విచ్ ఎటు ఉందో చీకట్లో తెలియదు. టీవీ వీడియో గేమ్ అడాప్టర్ కూడా 9 వోల్టులదే అయినా కరెంటు చాలదు.

*బీబీసీ మైక్రో.* లోపలి ఎస్‌ఎంపీఎస్ గట్టిది. కెపాసిటర్లు మారిస్తే చాలావరకు తిరిగి నడుస్తుంది. 5 వోల్టుల తీగలు ఒకటికన్నా ఎక్కువ జతలుగా బోర్డుకు వెళతాయి. అన్నీ బిగుతుగా ఉండాలి. −5 వోల్టులు శబ్దానికి, సీరియల్ పోర్టుకు కావాలి.

*అమీగా 500.* 1987లో వచ్చింది. 5, 12, −12 వోల్టులు మూడూ కావాలి. మీన్‌వెల్ ఆర్‌టీ-65బీ వంటి మూడు అవుట్‌పుట్ల పారిశ్రామిక ఎస్‌ఎంపీఎస్‌ను పాత డబ్బాలో అమర్చడం ప్రచారంలో ఉన్న పద్ధతి.

*ఎక్స్‌టీ, ఏటీ పీసీలు.* పీ8, పీ9 అనే రెండు ప్లగ్గులు పక్కపక్కన పెట్టేటప్పుడు నల్ల తీగలు నడుమ కలవాలి. తారుమారైతే మదర్‌బోర్డు పోతుంది. ఏటీ క్యాబినెట్లలో 230 వోల్టుల తీగలు ముందున్న స్విచ్ దాకా వస్తాయి కాబట్టి వాటి తొడుగులు చూసుకోవాలి. 1995లో వచ్చిన ఏటీఎక్స్ యూనిట్‌ను అడాప్టర్ తీగతో వాడవచ్చు. ఆకుపచ్చ తీగను నల్లదానితో స్విచ్ ద్వారా కలిపితే అది మేల్కొంటుంది. తర్వాతి ఏటీఎక్స్ యూనిట్లలో −5 వోల్టులు తీసేశారు. కొన్ని పాత సౌండ్ కార్డులకు అది కావాలి.

తొండూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లైన్లు

*చూడండి: ఏపీఎస్‌పీడీసీఎల్, వోల్టేజ్ స్టెబిలైజర్, న్యూట్రల్*

ఈ ప్రాంతానికి కరెంటు పంపిణీ చేసేది తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్‌పీడీసీఎల్. ముద్దనూరు సమీపంలోనే 1994లో ఉత్పత్తి మొదలుపెట్టిన రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది; దాని మొత్తం సామర్థ్యం 1650 మెగావాట్లు. అయినా ఉత్పత్తి కేంద్రం దగ్గరుంటే ఇంట్లో వోల్టేజి నిలకడగా ఉంటుందనుకోవడం పొరపాటు. అక్కడి కరెంటు పెద్ద గ్రిడ్‌లోకి పోతుంది; ఇంటికి వచ్చే వోల్టేజిని తేల్చేది ఊరి ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి తీగ పొడవు, దాని మీద ఉన్న మోటార్లు.

నిబంధనల ప్రకారం ఇంటి సరఫరా 230 వోల్టులకు 6 శాతం అటూఇటూ, అంటే 216 నుంచి 244 లోపు ఉండాలి. ప్రొద్దుటూరు వంటి పట్టణంలో దుకాణాల వీధిలో ఇది చాలావరకు నిలుస్తుంది. తొండూరు మండలంలోని పల్లెల్లో, పులివెందుల వైపు చీనీ తోటల మధ్య బోరు మోటార్లన్నీ ఒకేసారి ఎక్కినప్పుడు లైను చివరి ఇళ్లలో బల్బు డిమ్ముగా మారడం అందరికీ తెలిసిన విషయం. త్రీ ఫేజ్ గంటలు ముగిసి మోటార్లు ఆగగానే అదే ఇంట్లో వోల్టేజి ఒక్కసారిగా లేస్తుంది. వ్యవసాయ ఫీడర్లు విడిగా ఉన్నచోట ఈ ఊగిసలాట తగ్గింది.

ఈ మార్పు స్పెక్ట్రమ్ మీద ఎలా పడుతుందో లెక్క చూడవచ్చు. బ్రిటన్ అడాప్టర్ 240 వోల్టుల దగ్గర పూర్తి లోడు మీద 9 వోల్టులు ఇస్తుందనుకుంటే, లైను 170కి పడినప్పుడు అది సుమారు 6.4 ఇస్తుంది. 7805కు కావలసిన 7 వోల్టులు లేవు కాబట్టి 5 వోల్టుల గీత వణుకుతుంది, టైపు చేస్తున్న ప్రోగ్రాం పోతుంది. లైను 280కి లేచినప్పుడు అదే అడాప్టర్ 10.5 వోల్టులిస్తుంది. 0.8 ఆంపియర్ దగ్గర 3.2 వాట్ల వేడి 4.4 వాట్లవుతుంది. రెండు సందర్భాల్లోనూ తప్పు కంప్యూటర్‌ది కాదు.

అందుకే ఈ ప్రాంతంలో లీనియర్ యూనిట్‌ను అలాగే కాపాడుకోవడం కన్నా 90 నుంచి 264 వోల్టుల దాకా తట్టుకునే కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు మారడం మేలు. కమోడోర్ 9 వోల్టుల ఏసీ భాగానికి మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు కాబట్టి దాని ముందు స్టెబిలైజర్ ఉండాలి.

న్యూట్రల్ తెగిపోవడం వేరే ప్రమాదం. స్తంభం దగ్గర న్యూట్రల్ వదులైతే, ఇళ్లు పంచుకున్న ఫేజుల మధ్య లోడును బట్టి కొన్నింట్లో వోల్టేజి 400 దాకా పోవచ్చు. స్టెబిలైజర్‌లో హై కటాఫ్ లేకపోతే అది కాపాడదు. 275 వోల్టుల వేరిస్టర్, దాని ముందు ఫ్యూజు ఉంటే వేరిస్టర్ షార్టై ఫ్యూజును కొడుతుంది. తాను పోయి యంత్రాన్ని మిగులుస్తుంది. మెరుపుల కాలంలో ప్లగ్గు తీసెయ్యడమే ఉత్తమం.

చవక ఇన్వర్టర్ల చదరపు తరంగం మీద పాత ట్రాన్స్‌ఫార్మర్లు గుయ్యిమంటూ ఎక్కువ వేడెక్కుతాయి. ఇన్వర్టర్ పౌనఃపున్యం సరిగ్గా 50 లేకపోతే కమోడోర్ గడియారం కూడా తప్పు చెబుతుంది.

ప్లగ్గు, ఫ్యూజు, ఎర్తింగ్

బ్రిటన్ నుంచి వచ్చిన యంత్రానికి చదరపు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. ఆ ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది. మన సాకెట్లో పట్టదని దాన్ని కోసేసి గుండ్రటి పిన్నుల 6 ఆంపియర్ ప్లగ్గు వేస్తే ఫ్యూజు కూడా పోయినట్టే, ఎందుకంటే మన ప్లగ్గుల్లో అది ఉండదు. తీగ మధ్యలో విడిగా ఫ్యూజు హోల్డర్ పెట్టాలి. ఈ చిన్న మార్పును దాదాపు అందరూ మరిచిపోతారు.

పాత ఇళ్లలో రెండు పిన్నుల సాకెట్లు, పేరుకు మాత్రమే ఉన్న ఎర్తింగ్ కనిపిస్తాయి. ఫిల్టర్ కెపాసిటర్లు ఉన్న ఎస్‌ఎంపీఎస్‌ను ఎర్తు లేకుండా వాడితే ఇనుప పెట్టె మీద లైనులో సగం, సుమారు 115 వోల్టులు తేలుతాయి. ముట్టుకుంటే చేయి జిల్లుమంటుంది. కరెంటు స్వల్పమే అయినా, ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌ను టీవీకి కలిపే క్షణంలో చిప్‌లు కాలడానికి అది చాలు.

పరీక్షించే వరుస

యూనిట్‌ను కంప్యూటర్‌కు కలపకుండా విడిగా చూడాలన్నది మొదటి నియమం. మూత తీసి ఉబ్బిన కెపాసిటర్లు, నల్లబడిన నిరోధకాలు, బీటలు వారిన టంకం వెతుకుతారు. పెద్ద కెపాసిటర్‌ను నిరోధకం ద్వారా డిశ్చార్జి చేసి, సున్నా అయిందని మీటరుతో చూస్తారు.

తర్వాత సీరీస్ బోర్డు. తెలుగు ఊళ్లలో ఏ రేడియో-టీవీ రిపేరు బల్ల మీదైనా ఉండే ఈ పరికరంలో ఒక ఫిలమెంట్ బల్బు ఫేజు తీగలో వరుసగా ఉంటుంది. యూనిట్‌లో షార్ట్ ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటుంది, మరేదీ కాలదు. బాగుంటే క్షణం వెలిగి మందగిస్తుంది. దీనికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. పాత 60, 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు దుకాణాల్లో తగ్గిపోవడంవల్ల మెకానిక్కులు ఇప్పుడు వాటిని దాచిపెట్టుకుంటున్నారు. ఎస్‌ఎంపీఎస్‌ను ఈ బోర్డు మీద లోడుతో నడిపితే మిణుకుమిణుకుమంటూ ఆగిపోవచ్చు, అది లోపం కాదు.

అటుపైన డమ్మీ లోడు. 5 వోల్టుల గీతకు 5 ఓమ్‌లు, 10 వాట్ల నిరోధకం కలిపితే ఒక ఆంపియర్ కరెంటు పారుతుంది. 12 వోల్టుల గీతకు మోటార్‌సైకిల్ బల్బు, 10 వాట్లది, సరిపోతుంది. పాత ఏటీ యూనిట్లు లోడు లేకుండా మేల్కోవు కాబట్టి ఇది తప్పనిసరి. అరగంట తర్వాత వోల్టేజి 4.75, 5.25 మధ్యే ఉండాలి. ఏటీఎక్స్ ప్రమాణం 5 వోల్టుల గీత మీద అనుమతించే అలజడి 50 మిల్లీ వోల్టులు; పాత యంత్రానికీ అదే మంచి గీటురాయి.

రక్షణ వలయాలు

5 వోల్టుల గీత పెరిగితే వెంటనే తెంచేసే ఏర్పాటు రెండు రకాలు. క్రోబార్ వలయంలో జెనర్ డయోడ్, ఎస్‌సీఆర్ ఉంటాయి. నిర్ణీత వోల్టేజి దాటగానే ఎస్‌సీఆర్ గీతను నేలకు కలిపి ఫ్యూజును కొడుతుంది. రెండోది రిలే వలయం. కమోడోర్ వాడుకదారుల్లో ఇది ఎక్కువ ప్రచారంలో ఉంది, సుమారు 5.5 వోల్టుల దగ్గర కంప్యూటర్‌ను విడదీసి, యూనిట్‌కు హాని లేకుండా ఆగుతుంది. క్రోబార్ మోటు పని చేస్తుంది కానీ వేగమైనది.

భాగాలు దొరికే చోట్లు, ప్రమాణాలు

ఎల్‌ఎం2596 మీద తయారైన చిన్న బక్ మాడ్యూల్, 7805, 1ఎన్4007 డయోడ్లు, 105 డిగ్రీల కెపాసిటర్లు వంటి సాధారణ భాగాలకు మొదట చూడవలసింది దగ్గరి పట్టణాల రిపేరు దుకాణాలే. ఏడు పిన్నుల డిన్ ప్లగ్గు, ఎక్స్2 కెపాసిటర్ల వంటివాటికి హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు మార్కెట్లు ఉన్నాయి. కడప జిల్లావాళ్లకు ఈ మూడింటిలో బెంగళూరు, చెన్నై దగ్గర. బక్ మాడ్యూల్ మీది చిన్న స్క్రూను ముందే 5 వోల్టులకు తిప్పి, తర్వాత లక్కతో బిగించాలి. లేకపోతే అది కదిలి వోల్టేజి మారే ప్రమాదం ఉంది.

5, 9 వోల్టులు ఇచ్చే యూఎస్‌బీ పీడీ చార్జర్లు కొత్త మార్గం. 5 వోల్టుల డీసీ మాత్రమే కోరే అటారీ 800ఎక్స్‌ఎల్ వంటి యంత్రానికి మంచి చార్జర్, తగిన తీగ చాలు. 9 వోల్టులు కావాలంటే చార్జర్‌ను ఆ వోల్టేజి అడిగే ట్రిగ్గర్ బోర్డు పెట్టాలి. భారతదేశంలో సమాచార సాంకేతిక పరికరాల అడాప్టర్లకు 2012 నాటి ఉత్తర్వుతో బీఐఎస్ నమోదు తప్పనిసరి అయింది. ఐఎస్ ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య డబ్బా మీద ఉంటాయి. బజారులో గుర్తు లేకుండా అమ్మే చవక అడాప్టర్లలో లైనువైపు, అవుట్‌పుట్ వైపు మధ్య ఖాళీ సరిపడా ఉండకపోవచ్చు. అరుదైన యంత్రానికి వాటిని వాడడంలో పొదుపు లేదు.

అసలు రూపం, వాడుక మధ్య వివాదం

పాత యంత్రాలను సేకరించేవారిలో కొందరు అసలు భాగాలు మార్చకూడదంటారు, మరికొందరు నడవని యంత్రానికి విలువ లేదంటారు. మధ్యేమార్గంగా పైడబ్బా, లేబుల్, తీగ అలాగే ఉంచి లోపలి బోర్డును మాత్రమే మారుస్తారు. తీసిన బోర్డును పేరు రాసి సంచిలో పెడతారు. ఈ పద్ధతికి అభ్యంతరాలు తక్కువ. మార్చిన తేదీ, అవుట్‌పుట్ వోల్టేజిలు, పిన్నుల వరుస మూత లోపల కాగితం మీద రాసి అంటించడం తర్వాత విప్పేవారికి అన్నిటికన్నా ఉపయోగపడుతుంది.

పారేయవలసిన యూనిట్లు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల కిందికి వస్తాయి. వాటిని నమోదైన రీసైక్లర్‌కు ఇవ్వాలి. కమోడోర్ 64 ఎపాక్సీ డబ్బాను ప్రదర్శన కోసం దాచుకోవచ్చు. మీటరు మీద ఈ రోజు సరిగ్గా 5 వోల్టులు చూపినా దాన్ని కంప్యూటర్‌కు తగిలించకూడదు.